మొగలాకు నల్లి

నద్రాలా ఊళ్ళో నన్ను మర్యాదగా పలకరించిన మనిషి ఒక్కరూ లేరు. ఆ సోమవారం కూడా అంతే. పడవ దిగి, సీసాల పెట్టె నెత్తిన పెట్టుకుని, మోకాలి లోతు నీళ్ళలో ఒడ్డుకు నడుస్తుంటే తోరికా బకెట్టుతో ఎదురొచ్చింది. చేపలు కడిగిన నీళ్ళు. పెట్టె తడవకుండా పక్కకు తిప్పుకునేలోపే మొహాన కొట్టింది.

“వచ్చావా లోమాసీ దొంగా! మీ ఊళ్ళో గడ్డి కూడా అయిపోయిందా?”

“నీ మొహం చూస్తే కడుపు నిండుతుందని వచ్చానే. చూశాక వాంతొస్తోంది.”

“ఇంకా లావయ్యావు. పడవ మునక్కుండా ఎలా తెచ్చావే?”

“మీ ఊరి చాప పరుచుకుని వచ్చుంటే మునిగేదాన్నే. చాపలా అవి? జల్లెళ్ళు!”

ఒడ్డున చేపలు తోముతున్న ఆడవాళ్ళు తొడలు చరుచుకుని నవ్వారు. ఒకామె వెనక నుంచి వచ్చి నా తడి జుట్టు మీద పౌడరు డబ్బా సగం ఒంపి పోయింది. నేను ఊరుకుంటానా? తీగ మీద ఆరేసిన తువ్వాల్లో మంచిది చూసి లాక్కుని తల తుడుచుకుని, సంచీలో వేసుకున్నాను. అది ఇక నాదే.

మా లోమాసీ, వాళ్ళ నద్రాలా తౌవూలు. మా ఊరి పాత దేవుడు, వాళ్ళ ఊరి పాత దేవుడు తోడబుట్టినవాళ్ళట. ఇప్పుడు అందరం ఆదివారం చర్చికే పోతున్నా, ఆ అన్నదమ్ముల సరసం మాత్రం మాకు మిగిలింది. ఎవరు ఎవర్నైనా ఎంత మాటైనా అనొచ్చు. ఎవరింట్లో ఏది కనిపించినా ఎత్తుకుపోవచ్చు. కోపం తెచ్చుకున్నవాళ్ళే ఓడినట్టు. మా నాన్న పోయిన రోజు నద్రాలా వాళ్ళు పడవ నిండా వచ్చి, శవం పక్కన కూర్చుని ఆయన గురక మీద పాట కట్టి పాడారు. అమ్మ ఏడుస్తూనే కడుపు పట్టుకుని నవ్వింది. ఆ పాట కట్టింది తోరికాయే. మా ఇద్దరిదీ నలభై ఏళ్ళ తిట్లు. ఆ నలభై ఏళ్ళలో ఆమె నన్ను సెరువాయా అని పేరు పెట్టి పిలవనే లేదు.

నేను మొక్కల రక్షణ ఆఫీసులో పని చేస్తాను. ఆ ఏడు మా దీవులన్నీ తిరిగి, ఏ మొక్కను ఏ నల్లి తింటోందో రాయమన్నారు. మంచంలో కుట్టే నల్లి కాదు. ఆకు వెనక కూర్చుని రసం పీల్చేది, ఆవగింజ ముందు పెడితే దాని పిల్లలా కనబడేది. తెల్ల పళ్ళెం మీద ఆకు దులపాలి. పళ్ళెంలో దుమ్ము కదిలితే అది దుమ్ము కాదు. మూడు వెంట్రుకలున్న కుంచెతో దాన్ని ఎత్తి స్పిరిట్ సీసాలో వేసి, ఊరు, మొక్క, ఆకు పైనా కిందా అన్నది పెన్సిలుతో రాసి లోపల పడేయాలి. ఆ మొక్క కొమ్మ ఒకటి పాత పేపర్ల మధ్య నొక్కి పెట్టాలి. ఇరవై మూడు ఊళ్ళు తిరిగాను. బొప్పాయి, వంగ, మందార, కర్రపెండలం, అరవై పైచిలుకు మొక్కల మీద నల్లులు దొరికాయి. పని అడిగి తెలుసుకున్న ప్రతివాడూ నవ్వినవాడే. నవ్వనీ. వాళ్ళ వంకాయలు ముడుచుకుపోయినప్పుడు నా దగ్గరికే వస్తారు.

ఒక్క మొగలి మీద మాత్రం ఏ ఊళ్ళోనూ ఏమీ దొరకలేదు. చాపలల్లే మొగలి. మా ఆడవాళ్ళకు ఆస్తంటే అదే. పుట్టినా, పెళ్ళాడినా, చచ్చినా చాప లేకుండా జరగదు. తోట ఆడవాళ్ళదే. మగాళ్ళు అందులో కాలు పెట్టరు, పెడితే ఆకు పెళుసెక్కుతుందంటారు. మా దీవుల్లో నద్రాలా ఆకంత మెత్తని ఆకు ఎక్కడా లేదు. ఈ ముక్క నేను ఏనాడూ తోరికా ముందు అనలేదు.

ఆ రోజు తోట గట్టున పిలకలు కట్టలు కట్టి ఉన్నాయి. ఇరవైకో కట్ట, పదిహేను కట్టలు. తోరికా కూతురు వాసిటికి ముందు వారమే పెళ్ళయింది. మగపెళ్ళివాళ్ళు ముందే వెళ్ళిపోయారు. గురువారం పడవలో పిల్ల మతాసేలే దీవికి కాపరానికి పోతోంది. రెండేళ్ళ కిందటి తుఫానులో సముద్రం మతాసేలే మీదికి ఎక్కి దిగింది. ఉప్పుకు తోటలన్నీ చచ్చాయి. అప్పటినుంచి అక్కడ శవాన్ని కూడా కొన్న ప్లాస్టిక్ చాప మీదే పడుకోబెడుతున్నారు. ఆ మూడు వందల పిలకలు పట్టుకుని దిగే కోడలిని వాళ్ళు నెత్తిన పెట్టుకుంటారు. తోరికా ఆర్నెల్లుగా ఆ పిలకలను బిడ్డల్లా పెంచింది.

తోటలో మూడో వరసలో ఆకు తిప్పి చూశాను. అడుగున ఇనుప తుప్పులాంటి రంగు. మెడలో భూతద్దం కంటికి పెట్టుకున్నాను. చదునుగా, ఎర్రగా, తొందరేమీ లేనట్టు నడుస్తున్నాయి. వేలెడు ఆకు మీద నలభై దాకా లెక్కపెట్టి ఆపేశాను. ఇరవై మూడు ఊళ్ళలో నేను చూడని నల్లి. తుప్పు పట్టిన ఆకు ఒకటి కోసి గోటితో గీరితే చీలికలు రాలేదు, పుటుక్కున విరిగింది. విరిగే ఆకుతో చాప అల్లలేరు.

చుట్టూ అంతా వెతికాను. కొబ్బరి మీద అక్కడక్కడా ఉంది, అరటి మీద లేదు. చర్చి గుమ్మం పక్కన కుండీలో ఒక అలంకారపు తాటిమొక్క ఉంది, పెళ్ళికని తోరికా నాలుగు నెలల ముందే సువా పట్నం నుంచి కొనుక్కొచ్చింది. దాని ఆకు పళ్ళెం మీద దులిపితే పళ్ళెమే ఎర్రబడింది. తర్వాత పిలకల కట్టలు విప్పాను. పదిహేనింటిలో పదకొండింటికి పట్టింది. అవి గురువారం పడవెక్కితే మతాసేలేలో కొత్తగా కళ్ళు తెరిచే తోట మళ్ళీ చస్తుంది. అక్కడి నుంచి పిలకలు ఇంకెన్ని దీవులకు పోతాయో దేవుడికే తెలియాలి.

తోరికా చెట్టుకింద చాప అంచుకు రంగు ఊలు కుడుతోంది. చుట్టూ ఏడెనిమిది మంది ఆడవాళ్ళు. వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను.

“తోరికా, ఆట కాదు. మీ తోటకు నల్లి పట్టింది. పిలకలు పడవెక్కించొద్దు. తోటంతా కొట్టేసి కాల్చాలి.”

తోరికా సూది ఆపలేదు. పక్కవాళ్ళ వైపు కనుబొమలు ఎగరేసింది. “మొదలెట్టింది.”

“నిజం చెబుతున్నానే!”

“నువ్వు నిజం చెప్పినప్పుడల్లా మాకు కోళ్ళు పోయాయి.”

ఆ మాట నిజమే. మూడేళ్ళ కిందట నేను ఆఫీసు కాగితం మీద సీలు కొట్టి ఒక ఆర్డరు పట్టుకొచ్చాను. నద్రాలా పుంజులు తెల్లవారకముందే కూసి లోమాసీ ప్రజల నిద్ర చెడగొడుతున్నందున ఇంటికో పుంజు స్వాధీనం చేయవలెను అని. ఊరి పెద్ద కామినియేలి కళ్ళజోడు పెట్టుకుని సభలో దాన్ని చివరిదాకా చదివాడు. పదకొండు పుంజులు పడవెక్కించుకున్నాక గానీ ఎవరికీ వెలగలేదు. ఆ కాగితం ఇప్పటికీ ఆయన ఇంట్లో అద్దం కట్టి వేలాడుతోంది. ఆ రోజు నా అంత తెలివైనది లేదనుకున్నాను.

“సరే, నన్ను నమ్మకు. నీ కళ్ళను నమ్ము,” అని భూతద్దం, ఆకు చేతిలో పెట్టాను.

తోరికా ఒక కన్ను మూసి చూసింది. నోరు తెరిచింది. “ఒసేయ్, కదులుతున్నాయే!”

నా ప్రాణం లేచొచ్చింది. “కదులుతున్నాయి కదా?”

“ఇవి నీ పేలేనే! ఇందాక పౌడరు పోస్తే తట్టుకోలేక దిగి నా ఆకు ఎక్కాయి!”

చెట్టుకింద ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. భూతద్దం చేతులు మారింది. ప్రతి ఒక్కతీ చూసి, నా పేలకు ఒక్కో పేరు పెట్టింది.

కామినియేలి దగ్గరికి పోయాను. నలుగురు మగాళ్ళు యాంగోనా వేరు కలిపిన మత్తునీళ్ళ గిన్నె చుట్టూ కూర్చున్నారు. చెప్పిందంతా ఆయన గంభీరంగా విని, చిప్ప ఖాళీ చేసి, మూతి తుడుచుకున్నాడు.

“ఈసారి ఏం కావాలి నీకు? పందులా?”

“ఏమీ వద్దు. పిలకలు ఆపు.”

“ఆర్డరు కాగితం ఉందా? ఉంటే తే. పాతదాని పక్కన గోడ ఖాళీగా ఉంది.”

నిజం కాగితం రావాలంటే పట్నంలో పెద్దాఫీసరు సంతకం కావాలి. పది రోజులు. పడవ మూడు రోజుల్లో ఉంది. ఉన్నమాట చెప్పాను. “అయితే పది రోజులాగి వచ్చి నవ్వించు,” అన్నాడు. మిగతావాళ్ళు చప్పట్లు కొట్టారు.

నాకు ఒళ్ళు మండింది. తౌవూ అంటే దోచుకునే హక్కు కదా, అదే వాడదామనుకున్నాను. పడవ నడిపే సకేయోను కేకేసి, ఇద్దరం పదిహేను కట్టలూ మోసుకుని ఒడ్డుకు తెచ్చాం. ఎవరూ అడ్డం రాలేదు. పైగా ఆడవాళ్ళు వెంట పాడుకుంటూ వచ్చారు. ఇసుక మీద కట్టలు పేర్చి కిరసనాయిలు పోసి అగ్గిపుల్ల గీశాను. మంట లేచినప్పుడు ఒక్క క్షణం పాట ఆగింది. తర్వాత చప్పట్లు మోగిపోయాయి.

“ఇంత బాగా ఎప్పుడూ ఆడలేదే నువ్వు!” అంది తోరికా, కళ్ళు తుడుచుకుంటూ. “ఏమే వాసిటీ, పార తే. ఇంకో మూడొందలు తవ్వుదాం. పిలకలకేం కరువు మనకి? లోమాసీ వాళ్ళకి ఏడుపుకి కరువు లేదు, మనకి పిలకలకి కరువు లేదు.”

అప్పుడు నేను నిజంగా తిట్టాను. గొంతు చిరిగేలా తిట్టాను. ఆమె కూతురి కాపరాన్ని, చచ్చిపోయిన ఆమె మొగుడిని, చాప అల్లే ఆ వేళ్ళను, దేన్నీ వదల్లేదు. తౌవూ తిట్టు కాదది, కడుపులోంచి వచ్చిన తిట్టు. తోరికా నవ్వి నవ్వి కూలబడింది. నిజం తిట్టుకు కూడా నవ్వే మనిషిని ఏం చేసి ఆపుతాం? సాయంత్రానికి తోట గట్టున కొత్త కట్టలు లేచాయి.

మర్నాడు లోమాసీలో మా అన్న ఎమోసీ ముందు కూర్చున్నాను. మా ఊరి తరఫున సభల్లో మాట్లాడేది ఆయనే. ఉడికిన కర్రపెండలం, చేప ముందు పెట్టుకుని నిదానంగా తింటున్నాడు. నేను అడిగింది విన్నాక తినడం ఆపాడు.

“నల్లులకు తిమింగలం పన్నా? నీకేమన్నా పిచ్చా?”

“ఇంకో దారి ఉంటే చెప్పు.”

“కందకు లేని దురద కత్తిపీటకెందుకే? తోట వాళ్ళది. తగలబడితే వాళ్ళదే తగలబడుతుంది.”

“మతాసేలే వాళ్ళేం చేశారన్నా? ఒకసారి సముద్రం మింగింది చాల్లేదా? ఇవాళ అక్కడికి పోతే మూడేళ్ళలో మన తోటకూ వస్తుంది. అప్పుడు నీ శవం కింద నేనేం పరవాలి?”

ఎమోసీ గోడకు వేలాడుతున్న పన్ను వైపు చూశాడు. పసుపు తిరిగి, పట్టుకుని పట్టుకుని నునుపెక్కిన పన్ను. మా తాత నాటిది. అది చేతికిచ్చి అడిగితే ఎంతటివాడైనా కాదనలేడు. ప్రాణభిక్షకు, పిల్లనడగడానికి, నెత్తురు పడ్డ తగువు తీర్చడానికి తప్ప అది గోడ దిగదు.

“మన రెండూళ్ళ మధ్య ఇది ఎప్పుడూ నడవలేదు, తెలుసా? తాతల నాటి నుంచీ లేదు. ఇది పరాయివాళ్ళ ముందు పెట్టేది. తౌవూ ముందు పెట్టి తల వంచితే, నువ్వు నాకేం కావని చెప్పినట్టే.”

“నేను తిట్టినా నమ్మలేదు, ఏడ్చినా నమ్మలేదు. దీన్నయితే నమ్ముతారు.”

“నమ్ముతారు. నమ్మాక?”

“నమ్మాక తోరికాతో నేను చూసుకుంటాలే. నలభై ఏళ్ళ తిట్లు ఒక్క పూటలో పోతాయా?”

ఆయన వేళ్ళు కడుక్కున్నాడు. “నేను మాట్లాడితే మగాళ్ళ సభలో మాట్లాడాలి. అది కూడా ఆలోచించుకో.”

“ఎవరితోనైనా మాట్లాడు. పడవ ఆగాలి, అంతే.”

ఆ మాట అన్న నోరు నాదే. ఇంకెవరినీ అనడానికి లేదు.

బుధవారం పొద్దున్నే నద్రాలా ఒడ్డున దిగాం. నేను పెద్దల సభకు వేసుకునే పొడవు గౌను వేసుకున్నాను. ఎమోసీ చొక్కాకు మెడదాకా బొత్తాలు పెట్టి, నడుముకు నల్ల లుంగీ చుట్టి, తాడు వేలాడుతున్న పన్నును రెండు చేతులతో ఛాతీ ముందు పట్టుకున్నాడు. తోరికా చేతిలో బూడిద చాట ఉంది. విసరడానికి చెయ్యెత్తి, ఎమోసీ చేతుల్లోది చూసి అలాగే ఆగిపోయింది. తర్వాత చాట నేల మీద పెట్టింది. పక్కకు జరిగి తల వంచింది. నలభై ఏళ్ళలో ఆమె తల వెనక భాగం నేను చూడటం అదే మొదలు.

సభ ఇంట్లో నేను గుమ్మం దగ్గర, అన్నిటికన్నా కింది చోట కూర్చుని కళ్ళు దించుకున్నాను. ఎమోసీ గొంతు మెల్లగా నడిచింది. నద్రాలా పెద్దలను వాళ్ళ బిరుదులతో ఒక్కొక్కరినీ పిలిచాడు. మా చెల్లెలు అబద్ధం ఆడలేదన్నాడు. పిలకలు ఆపమని, తోట కాల్చమని, ఈ చిన్న కానుక స్వీకరించమని వేడుకున్నాడు. ఆడవాళ్ళు బయట కిటికీల కింద కూర్చుని వింటున్నారు. ఒక్క నవ్వు లేదు.

కామినియేలి కళ్ళజోడు తీసి మడిచి జేబులో పెట్టుకున్నాడు. చివరికి పన్ను అందుకుని ముక్కుకు ఆనించుకున్నాడు. “స్వీకరించాం. మీరు అడిగినట్టే జరుగుతుంది,” అన్నాడు. చేతులు గుల్లగా కలిపి మూడుసార్లు చరిచారు. అయిపోయింది. ఆ ఊరి ఆడవాళ్ళ ఆస్తి గురించి ఆ ఊరి ఆడవాళ్ళను ఒక్క మాట ఎవరూ అడగలేదు.

మధ్యాహ్నం మగాళ్ళు పొడుగు కత్తులతో తోటలోకి దిగారు. ఆ తోటలో మగవాడి అడుగు పడటం అదే మొదటిసారి. వరసలు వరసలుగా నరికి కుప్పలు వేశారు. ఎక్కడ కాల్చాలో, గాలి ఎటుంటే ఆగాలో నేను చూపించాను. చర్చి దగ్గరి తాటిమొక్కను కుండీతో సహా మంటలో వేయించాను. ఆడవాళ్ళు గట్టు మీద వరసగా నిలబడి చూశారు. పొగకు వాళ్ళ కళ్ళు ఎర్రబడ్డాయో, ఏడుపుకో తెలియలేదు.

నేను చేతులు తుడుచుకుంటూ తోరికా దగ్గరికి పోయాను. ఏదో ఒకటి అంటుందనుకున్నాను. అనాలనే కోరుకున్నాను. “ఏమే, మాట పడిపోయిందా? నీ జల్లెళ్ళు పోతే దీవికి మంచిదేలే,” అన్నాను.

ఆమె రెండు చేతులూ ముందు కట్టుకుంది. “అమ్మా, తోట ఆడవాళ్ళది. మీరొచ్చి మగవాళ్ళతో మాట్లాడారు.”

“ముందు నీతోనే మాట్లాడాను కదే! నువ్వు నవ్వావు!”

“అవునండీ. తౌవూ అనుకుని నవ్వాను. తప్పయింది. క్షమించండి.”

నలుగురిలో చెంప మీద కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు. మంటల వైపు తిరిగాను.

గురువారం వాసిటి పడవెక్కింది. చాపలు ఉడికిన ఆకుతో అల్లినవి, వాటిలో నల్లి బతకదు. అయినా నా పని కాబట్టి ఒక్కొక్కటీ విప్పించి చూశాను. పెళ్ళికూతురు మోకాళ్ళ మీద కూర్చుని చాప తర్వాత చాప నా ముందు పరిచింది. “ఇంకేమైనా చూస్తారా అమ్మా?” అని ప్రతిసారీ అడిగింది. పిలకలు లేని కోడలిగా వెళ్ళింది. పడవ కదిలాక తోరికా సముద్రం వైపు తిరిగి చాలాసేపు నిలబడింది. దగ్గరికి పోవడానికి నాకు ధైర్యం చాలలేదు.

మూడు వారాలకు పట్నం నుంచి ఉత్తరం వచ్చింది. నేను అనుకున్నదే. మా దీవుల్లో ఎక్కడా లేని నల్లి, తాటి జాతి మొక్కలతో వచ్చేది, మొగలిని చంపేది. సరైన సమయంలో ఆపారని ఆఫీసరు రెండు వాక్యాలు మెచ్చుకుంటూ రాశాడు. మా లోమాసీ తోటలో అంగుళం అంగుళం వెతికి, ఏమీ లేదని తేల్చుకుని, రెండు వందల పిలకలు మతాసేలేకు పంపాను. ఆకు కొంచెం గరుకే గానీ ప్రాణమున్న ఆకు. వాసిటి దగ్గర నుంచి చక్కని చేతిరాతతో జవాబు వచ్చింది. గౌరవనీయులైన సెరువాయా గారికి అని మొదలైంది. ఆ ఒక్క లైను చదివి మడిచి పెట్టేశాను.

నాలుగో నెలలో నద్రాలా మళ్ళీ చూడాల్సి వచ్చింది. కాల్చిన చోట ఏమైనా చిగిర్చిందా, కొబ్బరి మీద నల్లి మిగిలిందా అని. పడవ దిగుతుంటే ఇద్దరు కుర్రవాళ్ళు పరిగెత్తుకొచ్చి నా పెట్టె అందుకున్నారు. ఒడ్డున ఎవరి చేతిలోనూ నీళ్ళు లేవు. చేపలు తోమే ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. చెట్టుకింద నాకోసం చాప పరిచి ఉంది, కొన్న ప్లాస్టిక్ చాప. నిమ్మాకు టీ వచ్చింది, పళ్ళెంలో బిస్కెట్లు వచ్చాయి. ఏ కొబ్బరి చెట్టు చూపించమంటే అది చూపించారు. నేను చెట్టు కింద తడబడితే చెయ్యి పట్టుకుని “జాగ్రత్త అమ్మా” అన్నారు. నల్లి ఎక్కడా కనిపించలేదు. పని మధ్యాహ్నానికే అయిపోయింది. ముందైతే సాయంత్రం దాకా తిట్టుకుంటూ, దోచుకుంటూ సాగేది.

నేను ఇక పట్టలేకపోయాను. చాప మీద నుంచి లేచి నేరుగా తోరికా వంటింట్లోకి నడిచాను. పొయ్యి మీద కొబ్బరి పాలలో చేమాకు ఉడుకుతోంది. ఇంటిల్లిపాదికీ ఆ పూట అదే కూర. గిన్నె రెండు చేతులా ఎత్తుకున్నాను. వేళ్ళు చుర్రుమన్నా వదల్లేదు. అందరూ చూసేలా వాకిట్లోకి తెచ్చాను.

“చూస్తావేమే తోరికా! నీ కూర నా పడవెక్కుతోంది! ఈ పూట నీ ఇంట్లో అందరూ నీ ఏడుపు మింగండి! దొంగని, లోమాసీ దొంగని! దమ్ముంటే ఆపు!”

వాకిట్లో చిన్నపిల్లలు కూడా కదల్లేదు. తోరికా లేచి నా వైపు వచ్చింది. వీపున ఒక్కటి చరుస్తుందని, జుట్టు పట్టుకుంటుందని, గిన్నె నా నెత్తిన బోర్లిస్తుందని ఎదురుచూస్తూ అలాగే నిలబడ్డాను. కొట్టవే, ఒక్కసారి కొట్టవే అని లోపల అనుకుంటున్నాను.

తోరికా తన నడుముకు చెక్కుకున్న గుడ్డ తీసింది. దాన్ని రెండుగా చింపి, గిన్నె చెవులకు ఒక్కో ముక్కా చుట్టింది. నా వేళ్ళు ఒక్కొక్కటే ఎత్తి గుడ్డ మీద సర్దింది.

“వేడిగా ఉందండీ, చేతులు కాలతాయి. ఇలా పట్టుకోండి,” అంది. “ఉప్పు ఇంకా వేయలేదు. ఇంటికెళ్ళాక చూసి వేసుకోండి. గిన్నె తిరిగి పంపక్కర్లేదు.”

తల వంచి పక్కకు తప్పుకుంది. ఆమె వెనక ఉన్నవాళ్ళు కూడా తప్పుకున్నారు. నేను గిన్నె పట్టుకుని పడవ దాకా నడిచాను. దారి పొడుగునా ఒక్కరూ ఒక్క మాట అనలేదు.